ఫిజియోథెరపీ చదువు: దారిని చివరి నుంచి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల కెరీర్ పేజీల్లో ఫిజియోథెరపీ గురించి వచ్చే సమాచారం దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. సైన్స్ చదవాలి, ఫలానా డిగ్రీ చేయాలి, ఆసుపత్రుల్లోనూ క్రీడా జట్లలోనూ ఉద్యోగాలుంటాయి. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఈ వృత్తిలోకి రావాలనుకున్నవాళ్లు దెబ్బతినే చోటు ఆ మూడు వాక్యాల్లో ఎక్కడా కనిపించదు. డిగ్రీ చేతికొచ్చాక లైసెన్స్ కోసం దరఖాస్తు పెట్టిన రోజున, "మీ కోర్సుకు మా గుర్తింపు లేదు" అనో, "మీ క్లినికల్ గంటలు (రోగుల దగ్గర శిక్షణ పొందిన సమయం) చాలవు" అనో ఉత్తరం వస్తుంది. నాలుగేళ్ల కిందట పది నిమిషాలు కూర్చుని చూసుకుని ఉంటే తెలిసిపోయే సంగతి అది. ఫిజియోథెరపీ బోధనలో, క్లినికల్ శిక్షణలో పనిచేస్తున్న మేం ఈ లేఖ రాయడానికి కారణం ఇదే. ఈ చదువును మొదటి మెట్టు నుంచి కాక చివరి మెట్టు నుంచి చూసుకుంటూ రావాలి. ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో తేల్చుకుని, అక్కడ లైసెన్స్ ఇచ్చే సంస్థ ఏమడుగుతుందో చూసి, ఆ తర్వాతే కోర్సు ఎంచుకోవాలి.

ముందు పేరు సంగతి. అమెరికాలో ఫిజికల్ థెరపిస్ట్ అంటారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, భారతదేశాల్లో ఫిజియోథెరపిస్ట్ అంటారు. వృత్తి ఒకటే. కానీ దాన్ని చేరే నిచ్చెన మాత్రం ఒక్కో దేశంలో ఒక్కో ఎత్తున ఉంది.

జర్మనీలో ఇది ప్రధానంగా వృత్తివిద్యా పాఠశాలలో నేర్పే మూడేళ్ల శిక్షణ. తరగతి బోధన, అభ్యాసం కలిపి 2,900 గంటలు, రోగుల దగ్గర 1,600 గంటలు, ఆపైన ప్రభుత్వ పరీక్ష. యూనివర్సిటీ డిగ్రీ చేయవచ్చు గానీ అది తప్పనిసరి కాదు. బ్రిటన్‌లో సాధారణంగా మూడేళ్ల బీఎస్సీ, స్కాట్లాండ్‌లో నాలుగేళ్లు. వేరే డిగ్రీ ఉన్నవాళ్లకు రెండేళ్ల ఎంఎస్సీ దారి ఉంది. ఉద్యోగం చేస్తూ చదివే అప్రెంటిస్‌షిప్ డిగ్రీ కూడా ఉంది. ఏ దారిన వెళ్లినా చివరికి అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. అక్కడ 'ఫిజియోథెరపిస్ట్', 'ఫిజికల్ థెరపిస్ట్' రెండూ చట్టరక్షణ ఉన్న పేర్లే. రిజిస్టర్‌లో లేనివాళ్లు వాటిని వాడుకుంటే నేరం. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ గానీ, వేరే డిగ్రీ తర్వాత రెండేళ్ల మాస్టర్స్ గానీ చేస్తారు. కెనడాలో ప్రవేశ అర్హతే మాస్టర్స్ డిగ్రీ. భారతదేశంలో బీపీటీ (బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ) చాలాకాలంగా నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కలిపి నాలుగున్నరేళ్ల కోర్సుగా నడుస్తూ వచ్చింది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ చదువునూ రిజిస్ట్రేషన్‌నూ దేశమంతటా ఒకే గొడుగు కిందికి తెచ్చే పని మొదలుపెట్టింది.

అమెరికా నిచ్చెన అన్నిటికన్నా పొడవు. 2016 నుంచి అక్కడ గుర్తింపు పొందిన ప్రవేశస్థాయి కోర్సు ఒక్కటే, డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ. ముందు నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ, తర్వాత దాదాపు మూడేళ్ల డీపీటీ, వెరసి ఏడేళ్లు. కొన్ని యూనివర్సిటీలు మూడు ప్లస్ మూడు పద్ధతిలో ఆరేళ్లకు కుదిస్తాయి. ఎందుకింత పొడవని చాలామంది అడుగుతారు. ఆ దేశంలో యాభై రాష్ట్రాల్లోనూ, పరిమితుల్లో తేడాలున్నా, డాక్టర్ చీటీ లేకుండానే రోగి నేరుగా ఫిజికల్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లవచ్చు. అలా వచ్చిన నడుంనొప్పి కండరాలు పట్టేసిన నొప్పా, లేక వెన్నుపాము చివర ఉన్న నరాల గుత్తి నలిగిపోతున్న అత్యవసర పరిస్థితా అన్నది తొలిసారి చూసినవాళ్లే పసిగట్టాలి. తొడల మధ్య మొద్దుబారిందా, మూత్రం ఆగిపోయిందా అని అడగడం మరిచిపోతే జరిగే నష్టాన్ని తర్వాత వ్యాయామాలతో పూడ్చలేం. చదువు పెరగడానికి ఈ బాధ్యత ఒక ముఖ్య కారణం. అన్నట్టు, డీపీటీలోని 'డాక్టర్' చదువు స్థాయికి పేరు. దానితో మందులు రాసే అధికారం రాదు.

డీపీటీలో చేరడానికి బ్యాచిలర్స్‌లో ఫలానా సబ్జెక్టే చదివి ఉండాలన్న నియమం లేదు. చరిత్ర చదివినవాళ్లూ చేరవచ్చు. ముందుగా పూర్తిచేయాల్సిన సబ్జెక్టులు మాత్రం ఉంటాయి. ల్యాబ్‌తో సహా అనాటమీ ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు, కెమిస్ట్రీ రెండు, ఫిజిక్స్ రెండు, ఇవి కాక బయాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ. స్కూలును బట్టి కొద్దిగా తేడాలుంటాయి. దరఖాస్తులు తిరిగివచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఫిజిక్స్ చదివారు, కానీ ల్యాబ్ లేదు. ల్యాబ్ ఉంది, కానీ అది సైన్సేతర విద్యార్థుల కోసం పెట్టిన తేలిక కోర్సు. అనాటమీ మంచి మార్కులతోనే పాసయ్యారు, కానీ ఎనిమిదేళ్ల కిందట. కొన్ని స్కూళ్లు ఐదేళ్ల లోపు చదివినదే ఒప్పుకుంటాయి, కొన్ని పదేళ్ల దాకా ఒప్పుకుంటాయి. గ్రేడ్ లేకుండా పాస్, ఫెయిల్ అని మాత్రమే ఇచ్చిన సబ్జెక్టు చాలాచోట్ల చెల్లదు. లైసెన్స్ ఉన్న థెరపిస్ట్ పనిని దగ్గరుండి చూసిన గంటలకు సంతకంతో రుజువు అడిగే స్కూళ్లూ ఉన్నాయి. ఆ గంటలన్నీ ఒకే క్లినిక్‌లో గడిపితే దరఖాస్తు బలహీనపడుతుంది. ఆసుపత్రి వార్డు ఒకటి, అవుట్‌పేషెంట్ క్లినిక్ ఒకటి చూసి ఉంటే, ఆ పని తనకు సరిపడుతుందో లేదో దరఖాస్తుదారుకే ముందు తెలుస్తుంది. మంచానికి అతుక్కుపోయిన మనిషిని లేపి కూర్చోబెట్టడం, వాంతి చేసుకున్నవాళ్లను శుభ్రం చేశాక మళ్లీ నడిపించడం కూడా ఈ పనిలో భాగమే. క్రీడా జట్టు ఫొటో చూసి వచ్చినవాళ్లకు ఇది మొదటి వారంలోనే షాక్.

చదువులోకి వెళ్దాం. ఎక్కడైనా సరే, ఈ కోర్సు మొదటి ఏడాదిలో ఎక్కువమంది తడబడేది అనాటమీ దగ్గరే. కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఏ నరం దాన్ని నడిపిస్తుంది, అది కుదించుకుంటే ఏ కీలు ఎటు కదులుతుంది అనే నాలుగు విషయాలను ఒక్కో కండరానికి పట్టికలా బట్టీ కొట్టి పరీక్ష గట్టెక్కుతారు. మరుసటి ఏడాది రోగి ముందు నిలబడినప్పుడు ఆ పట్టిక అక్కరకు రాదు. ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తాం.

ఒక మనిషికి పాదం పైకి లేవడం లేదు, నడుస్తుంటే వేళ్లు నేలకు రాసుకుంటున్నాయి. మోకాలి పక్కన ఫిబ్యులా ఎముక మెడను చుట్టివెళ్లే పెరోనియల్ నరం అక్కడ నొక్కుకుపోయినా ఇలాగే ఉంటుంది. నడుములో ఎల్5 (ఐదో నడుము వెన్నుపూస దగ్గరి) నరం మొదలు దగ్గర ఒత్తిడి పడినా ఇలాగే ఉంటుంది. పాదాన్ని పైకెత్తమని ఎన్నిసార్లు అడిగినా తేడా తెలియదు. పాదాన్ని కిందికి వంచి ఉంచి, లోపలివైపు తిప్పమని అడగాలి. ఆ స్థితిలో ఆ పని ముఖ్యంగా చేసేది టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం. దానికి వెళ్లేది పెరోనియల్ నరం కాదు, టిబియల్ నరం. కానీ వేరు మాత్రం ఎల్5 నుంచే ఉంది. ఆ కదలిక బలంగా ఉంటే మోకాలి పక్కన వెతకాలి. అదీ బలహీనంగా ఉండి, కాలును పక్కకు ఎత్తడంలో తుంటి కండరం గ్లూటియస్ మీడియస్ కూడా సహకరించకపోతే, అనుమానం నడుము మీదికి మళ్లుతుంది. పాదాన్ని ముందు కిందికి వంచమనడం ఎందుకంటే, పాదాన్ని పైకెత్తే టిబియాలిస్ యాంటీరియర్ కూడా లోపలికి తిప్పగలదు. దాన్ని పక్కకు తప్పించకపోతే పరీక్ష కలగాపులగం అవుతుంది. నరం, వేరు, కండరం మూడూ కలిపి ఆలోచిస్తే తప్ప ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అనాటమీని డిసెక్షన్ హాల్లో, తోటి విద్యార్థి కాలి మీద వేళ్లు పెట్టి నేర్చుకోవాలని మొండిగా పట్టుబట్టేది అందుకే. వీడియోల్లో మాత్రమే అనాటమీ చెప్పే కోర్సును మేం సిఫార్సు చేయం.

ఫిజిక్స్ ఎందుకని కూడా అడుగుతుంటారు. చికిత్సకు వాడే అల్ట్రాసౌండ్‌లో 1 మెగాహెర్ట్జ్ తరంగం లోతుకు వెళ్తుంది, 3 మెగాహెర్ట్జ్ తరంగం పైపొరల్లోనే ఇంకిపోతుంది. యంత్రం తలను కదపకుండా ఒకేచోట పెడితే ఎముక పైపొర దగ్గర వేడి పేరుకుని రోగి ఉలిక్కిపడతాడు. ఈ కారణం తెలియని చేతిలో ఆ యంత్రం ప్రమాదకరం. కారణం తెలిసినవాళ్లు దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా తెలుసుకుంటారు.

చేతిపనులు మరీ ముఖ్యం. మోకాలు ఎంత వంగుతోందో గోనియోమీటర్‌తో (ఇరుసు దగ్గర కలిసే రెండు చేతులున్న కోణం కొలిచే సాధనం) కొలిచేటప్పుడు ఇరుసు తొడ ఎముక బయటి బొడిపె మీద ఉండాలి, కదలని చెయ్యి తుంటి బయటి బొడిపె వైపు, కదిలే చెయ్యి చీలమండ బయటి బొడిపె వైపు చూడాలి. ఇరుసు ఒక వేలెడు జారితే కొలత మారుతుంది. కాబట్టి ఇద్దరు వేర్వేరుగా కొలిచినప్పుడు ఐదు డిగ్రీల తేడా వచ్చిందని రోగి మెరుగుపడ్డాడని రాయకూడదు. కండర బలాన్ని 0 నుంచి 5 దాకా వేసే గ్రేడ్లలోనూ ఇంతే. గ్రేడ్ 3 అంటే ఎవరూ అడ్డుపెట్టకుండా భూమ్యాకర్షణకు ఎదురుగా పూర్తి కదలిక. రోగిని పక్కకు పడుకోబెట్టి చూసిన కదలికకు, అంటే భూమ్యాకర్షణను తప్పించి చూసినదానికి, 3 వేసేవాళ్లు ఎందరో. నిజానికి అది 2. ఆ ఒక్క అంకె తప్పు వేస్తే రోగిని ఎప్పుడు నిలబెట్టాలన్న నిర్ణయమూ తప్పుతుంది.

క్లినికల్ శిక్షణ గంటల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చదువు పూర్తయ్యాక మళ్లీ వెనక్కి వెళ్లి సరిచేసుకోవడం అన్నిటికన్నా కష్టమైనది ఇదే. అమెరికా గుర్తింపు సంస్థ క్యాప్టీ నియమాల ప్రకారం కనీసం 30 వారాల పూర్తికాలపు క్లినికల్ విద్య ఉండాలి. బ్రిటన్‌లో వెయ్యి గంటల ప్లేస్‌మెంట్ (ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో శిక్షణ) అన్నది చాలాకాలంగా వృత్తి సంఘం పెట్టుకున్న కొలమానం. లెక్క కుదిరినంత మాత్రాన సరిపోదు. ఆ గంటలన్నీ ఎముకలు, కీళ్ల విభాగంలోనే గడిచిపోతే పక్షవాతం రోగులను, ఐసీయూలో ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లను, పుట్టుకతో కదలికల ఇబ్బందులున్న పిల్లలను చూసిన అనుభవం కాగితం మీద కనిపించదు. వేరే దేశపు మదింపు సంస్థ చూసేది ఆ కాగితాన్నే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. విద్యార్థిని వేడి కాపడం యంత్రం దగ్గర నిలబెట్టి రోజుకు ఇరవైమందికి స్విచ్ వేయించే ప్లేస్‌మెంట్ కూడా గంటల లెక్కలోకి వస్తుంది. రోగిని తాను పరీక్షించి, అంచనా రాసి, చికిత్స నిర్ణయించి, సూపర్‌వైజర్ దాన్ని సరిదిద్దితేనే అది శిక్షణ. కోర్సులో చేరేముందు సీనియర్లను అడగాల్సిన ప్రశ్న ఇదే: "మూడో ఏడాదిలో మీరు సొంతంగా ఎంతమందిని పరీక్షించి కేసు రాశారు?"

పేర్ల దగ్గర జరిగే పొరపాటు మరో సమస్య. కినిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), ఎక్సర్‌సైజ్ సైన్స్, స్పోర్ట్స్ సైన్స్ మంచి డిగ్రీలే. డీపీటీకి ముందు మెట్టుగా బాగా పనికొస్తాయి. కానీ అవి ఫిజియోథెరపీ డిగ్రీలు కావు, వాటితో లైసెన్స్ రాదు. అమెరికాలో ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ అనే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఉంది. గౌరవమైన ఉద్యోగమే, దానికీ విడిగా జాతీయ పరీక్ష, లైసెన్స్ ఉన్నాయి. అయితే అసిస్టెంట్ తొలి మూల్యాంకనం చేయకూడదు, చికిత్స ప్రణాళికను సొంతంగా మార్చకూడదు. "ముందు అసిస్టెంట్ అయి, తర్వాత మెల్లగా థెరపిస్ట్ అవుదాం" అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. రెండింటినీ కలిపే వంతెన కోర్సులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అసిస్టెంట్ కోర్సులో చదివిన అనాటమీ కూడా చాలా డీపీటీ స్కూళ్ల దగ్గర ముందస్తు సబ్జెక్టుగా చెల్లదు. ఆ దారిని తక్కువ ఖర్చు మెట్టుగా కాక, ఆ ఉద్యోగం కోసమే ఎంచుకోవాలి.

ఇక డిగ్రీ ముగిశాక పరీక్ష. అమెరికాలో జాతీయ ఫిజికల్ థెరపీ పరీక్ష ఎన్‌పీటీఈని రాష్ట్రాల లైసెన్సింగ్ బోర్డుల సమాఖ్య నిర్వహిస్తుంది. థెరపిస్టుల పరీక్ష ఏడాదికి నాలుగు దఫాలు. 2024 నుంచి 225 ప్రశ్నలు. అందులో 180కే మార్కులు, మిగతావి ముందు ముందు వాడటానికి పరీక్షించి చూసేవి. ఏది ఏదో అభ్యర్థికి తెలియదు. 200 నుంచి 800 స్కేలు మీద 600 వస్తే పాస్. పన్నెండు నెలల్లో మూడుసార్లకు మించి రాయకూడదు, జీవితంలో ఆరుసార్లకు మించి కూడా. ఇంకో నియమం చాలామందికి తెలియదు: 400 గానీ అంతకన్నా తక్కువ గానీ రెండుసార్లు వస్తే తలుపు పూర్తిగా మూసుకుపోతుంది. "ఒకసారి రాసి చూద్దాం, ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలుస్తుంది" అని సరదాగా రాసే పరీక్ష కాదిది.

వేరే దేశంలో చదివి అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకు పరీక్షకన్నా ముందు మరో గడప ఉంది. వాళ్ల చదువును అక్కడి ప్రవేశస్థాయి చదువుతో సబ్జెక్టు సబ్జెక్టుగా, క్రెడిట్ క్రెడిట్‌గా పోల్చిచూస్తారు. ఏ సంవత్సరంలో పాసయ్యారో దాన్నిబట్టి పోల్చే కొలమానం కూడా మారుతుంది. పాత సిలబస్‌తో చదివినవాళ్లకు ఔషధశాస్త్రం, ఇమేజింగ్, గాయాల సంరక్షణ, వృత్తి నిర్వహణ వంటివీ, ఫిజియోథెరపీతో సంబంధం లేని భాషా, సామాజిక శాస్త్రాల క్రెడిట్లూ తక్కువ పడే అవకాశం ఎక్కువ. ఈ లోటు పూడ్చుకోవాలన్న తొందరలో కొందరు ట్రాన్సిషనల్ డీపీటీలో చేరతారు. అది అప్పటికే ప్రాక్టీస్ చేసే అర్హత ఉన్నవాళ్ల చదువును డాక్టరేట్ స్థాయికి పెంచడానికి ఉద్దేశించిన కోర్సు. క్యాప్టీ గుర్తింపు ప్రవేశస్థాయి కోర్సులకే కాబట్టి దీనికి ఆ గుర్తింపు ఉండదు. అందులోని సబ్జెక్టులు కొన్ని లోట్లను పూడ్చవచ్చు. డిగ్రీ పేరులో డీపీటీ ఉంది కనుక లైసెన్స్ వచ్చేస్తుందనుకుంటే మాత్రం పొరపాటు. మదింపు నివేదిక ముందు తెప్పించుకుని, అందులో ఏయే సబ్జెక్టులు లేవని రాశారో చూసి, అవి ఉన్న కోర్సుకే డబ్బు కట్టాలి. బ్రిటన్ వెళ్లాలనుకునేవాళ్లకు హెచ్‌సీపీసీ కోర్సు వివరాలనూ పని అనుభవాన్నీ పరిశీలిస్తుంది. ఇంగ్లిష్‌కు ఐఈఎల్‌టీఎస్ మొత్తం 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకూడదు. ఆస్ట్రేలియాలో కాగితాల పరిశీలన తర్వాత రాతపరీక్ష, ఆ తర్వాత క్లినికల్ పరీక్ష ఉంటాయి. రాతపరీక్ష దాటినవాళ్లు క్లినికల్‌లో ఆగిపోవడానికి మాకు తరచుగా కనిపించే కారణం చికిత్స తెలియకపోవడం కాదు. రోగికి ఏం చేయబోతున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యి వేసే అలవాటు లేకపోవడం.

స్పెషలైజేషన్ గురించి తొందరపడక్కర్లేదు. అమెరికాలో గుర్తింపు ఉన్న స్పెషాలిటీలు పది. ఒకదాంట్లో బోర్డు పరీక్షకు కూర్చోవాలంటే ఆ రంగంలో 2,000 గంటలు రోగులను నేరుగా చూసి ఉండాలి, లేదా గుర్తింపు ఉన్న రెసిడెన్సీ శిక్షణ చేసి ఉండాలి. మొదటి ఏడాదిలోనే "నేను స్పోర్ట్స్ ఫిజియో అవుతాను" అని తీర్మానించుకుని న్యూరాలజీ తరగతులు ఎగ్గొట్టేవాళ్లకు ఒక మాట. మైదానంలో తలకు దెబ్బ తగిలిన ఆటగాడిని చూడాల్సివచ్చినప్పుడు అక్కరకొచ్చేవి ఆ తరగతులే.

మీ పత్రికకు మా విన్నపం చిన్నది. కోర్సుల పట్టిక అచ్చువేసినప్పుడు ప్రతి కోర్సు పక్కన రెండు గడులు చేర్చండి. ఈ కోర్సుకు గుర్తింపు ఇచ్చిన సంస్థ ఏది, క్లినికల్ గంటలు ఎన్ని? కాలేజీ బ్రోషర్‌లో "గుర్తింపు ఉంది" అని రాసి ఉంటే సరిపోదు. యూనివర్సిటీ అనుబంధం వేరు, వృత్తి నియంత్రణ సంస్థ గుర్తింపు వేరు. నియంత్రణ సంస్థ తానే ప్రచురించే జాబితాలో ఆ కాలేజీ పేరు, కోర్సు పేరు, చేరబోయే విద్యా సంవత్సరం మూడూ కనిపించాలి. "గుర్తింపు ప్రక్రియలో ఉంది" అన్న కోర్సులో చేరితే, అది రాకపోయినప్పుడు ఏం చేస్తారో కాలేజీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

ఇప్పటికే కోర్సులో ఉన్నవాళ్లు ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. తాము చదువుతున్న సిలబస్ పుస్తకం పూర్తి కాపీని, ప్రతి సబ్జెక్టుకు థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు విడివిడిగా ఉన్నది, తీసి దాచుకోవాలి. క్లినికల్ లాగ్‌బుక్‌లో విభాగం, తేదీలు, గంటలు రాసి, సూపర్‌వైజర్ సంతకంతో పాటు ఆయన రిజిస్ట్రేషన్ నంబరు కూడా ప్రతి పోస్టింగ్ చివరి రోజునే వేయించుకోవాలి. పదేళ్ల తర్వాత సిలబస్ మారిపోతుంది, విభాగాధిపతి రిటైరవుతారు, పాత రికార్డులున్న బీరువా తాళం ఎవరి దగ్గరుందో కాలేజీకే తెలియదు.

ఇట్లు,
ఫిజియోథెరపీ అధ్యాపకులు, క్లినికల్ శిక్షకులు